బీరువాలో సర్టిఫికెట్లు

కర్నూలు,
9 నవంబరు 2025, ఆదివారం.

ఫిరోజాకు,

భువన నమస్కారాలు. నువ్వూ, జావేదన్నా, పిల్లలిద్దరూ బాగున్నారని అనుకుంటాను. ఇన్నేళ్ళు కడపలో ఒకే స్టాఫ్‌రూములో కూర్చుని నీకు ఒక్కనాడూ నమస్కారం పెట్టినదాన్ని కాదు, రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికల్లా ప్రిన్సిపాల్ చేతికి పోతుందని భయం. అందుకే కాగితం పట్టుకున్నాను. కాలేజీకి కాదు, మీ ఇంటి అడ్రసుకే పంపుతున్నాను. బెదరకుండా చదువు.

మా అక్క స్వర్ణలత ఇంట్లో ఉన్నాను. అక్క పొద్దునే తుంగభద్ర ఒడ్డుకు నడకకు లాక్కుపోతుంది. ఆమె తిండి పెట్టే తీరు చూస్తే నన్ను కోడిపందేనికి పెంచుతోందేమో అనిపిస్తుంది. అయినా నిద్ర సరిగా పట్టడం లేదు. మొన్న గ్యాస్ బండ తెచ్చినాయన గేటు దగ్గర, కాలేజీలో పిలిచినట్టే మేడం అని గట్టిగా పిలిస్తే చేతిలో గ్లాసు జారిపోయింది. ఫిజిక్సు చెప్పినదాన్ని, ఒక్క పిలుపుకు ఇంతగా బెదురుతున్నానేమిటని సిగ్గేసింది.

ఎండాకాలంలో మనిద్దరినీ కమలాపురం పక్క పల్లెలకు అడ్మిషన్లకు తరిమారు కదా. కరపత్రాలు చంకన పెట్టుకుని, ఇంటర్ పాసైన పిల్లలున్న ఇళ్ళు వెతుక్కుంటూ, వెబ్ ఆప్షన్లలో మా కాలేజీ పేరే మొదట పెట్టండని బతిమాలుతూ తిరిగాం. చీరల మూట ఒకటే తక్కువ. ఓబులేసు ఇంట్లో మనకు మజ్జిగ ఇచ్చారు. ఆయన కూతురికి మంచి మార్కులొచ్చాయి. మీ కాలేజీలో ల్యాబు బాగుంటాదా అమ్మా అని అడిగాడాయన. తాళం వేసిన ఖాళీ గదిని ల్యాబు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పాపకు గవర్నమెంటు కాలేజీలో సీటొస్తాది, ఆడ చేర్పించు నాయనా అన్నాను. నువ్వు నా మోచెయ్యి గిల్లావు. ఆటో ఎక్కాక, ఏమ్మే, మనకు కూడు పెట్టేదెవురనుకుంటాండావు అని తిట్టావు. ఆ తర్వాత ఇద్దరం పడీపడీ నవ్వాం.

పాపం ఓబులేసు నాకు మేలు చేద్దామనే అనుకున్నాడు. ప్రిన్సిపాల్ ఫోన్ చేసి పాపను ఎప్పుడు చేరుస్తావప్పా అంటే, మీ భువన మేడమే మంచిమాట చెప్పినాది సార్, శానా మంచి మనిషి అని మెచ్చుకున్నాడు. స్టాఫ్ మీటింగులో అందరి ముందూ, ఏమమ్మా, జీతం ఈడ తీసుకుంటా పని గవర్నమెంటుకు చేస్తాండావా అని ప్రిన్సిపాల్ అడిగినప్పుడు నువ్వు తల దించుకుని గోళ్ళు చూసుకున్నావు.

తర్వాత జరిగిందంతా నీ కళ్ళ ముందే. నా కుర్చీని రిపేరుకని తీసుకుపోయారు, అది తిరిగి రాలేదు. వరండాలో వేలిముద్ర మిషను పక్కన స్టూలు వేసి, ఆలస్యంగా వచ్చే పిల్లల పేర్లు రాయమన్నారు. పాఠం మధ్యలో ప్రిన్సిపాల్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని, ఇదేం చెప్పడం అని పిల్లల ముందే నవ్వేవాడు. వాటికి నేను ఏడవలేదు. మధ్యాహ్నం అందరం క్యారియర్లు విప్పి గిన్నెలు మధ్యలో పెట్టుకుని తినేవాళ్ళం కదా, నా గిన్నెలో చెయ్యి పెట్టేవాళ్ళు లేకుండా పోయారు చూడు, ఆ రోజు బాత్రూములోకి పోయి ఏడ్చాను. నీకిష్టమని చేసిన గుత్తివంకాయ కూర అట్లాగే ఇంటికి తిరిగొచ్చేది. అటెండరు లక్ష్మక్క ఒక్కతే మంచినీళ్ళు తెచ్చిపెట్టి, తినమ్మా, వాళ్ళ మొకాలు జూసి కడుపు మాడ్చుకుంటావా అనేది.

దసరా సెలవులయ్యాక నా మీద విచారణకు కమిటీ అన్నారు. భువన క్లాసులో పాఠం చెప్పదు, పిల్లలను కాలేజీ మీదికి ఎగదోస్తాది అని నువ్వు రాసిచ్చావు. ప్రిన్సిపాల్ దాన్ని నాకు నిదానంగా చదివి వినిపించాడు. నీ పిల్లలు అదే మేనేజిమెంటు బడిలో ఫీజు లేకుండా చదువుతున్నారనీ, జావేదన్న అంగడి మూతపడిందనీ నాకు తెలుసు. నిన్ను కూర్చోబెట్టి బెదిరించి ఉంటారనీ తెలుసు. తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు ఫిరోజా. ఇంకెవరు రాసినా పోనీలే అనుకునేదాన్ని. మా అమ్మకు ఆపరేషన్ జరిగిన రోజు ఆస్పత్రి వరండాలో నాతోపాటు పస్తు ఉన్నది నువ్వు.

రాజీనామా ఇచ్చి ఇక్కడికి వచ్చేశాను. ఇక్కడ ఒక కాలేజీవాళ్ళు ఇంటర్వ్యూ చేసి, ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి చేరమన్నారు. ఉద్యోగంలో చేరిన రోజే మనందరివీ తీసి ప్రిన్సిపాల్ బీరువాలో పెట్టుకుంటారు కదా, నావీ అక్కడే ఉన్నాయి. ఇస్తామన్నారు, ఆఫీసులో ఏదో ఆలస్యం. వస్తాయిలే. నా గురించి దిగులు పెట్టుకోవద్దు, పెట్టుకుంటున్నావో లేదో నాకు తెలియదనుకో.

పిల్లలకు నా ముద్దులు. లక్ష్మక్కను అడిగానని ఎవరూ లేనప్పుడు చెప్పు.

ఇట్లు,
ఇంకా కోపంగానే ఉన్న
భువన.

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఆఫీసులో ఆలస్యం అని పైన రాసింది అబద్ధం. నేను కడప వదిలే ముందు రోజు ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచాడు. ఈ ఏడు నువ్వు చెప్పే బాటనీలో పిల్లలు చేరలేదు గనక నీ సెక్షన్ ఎత్తేస్తున్నారట. మేం తీసేస్తే మాటొస్తాది, ఆమెకామే పోవల్ల అన్నాడు. నా మీద నువ్వు రాసిన మాటలనే నీ మీద రాసి సంతకం పెట్టమన్నాడు. పెడితే ఆ పూటే బీరువా తీసి నా సర్టిఫికెట్లు చేతికిస్తానన్నాడు. నేను పెట్టలేదు. ఇక్కడ సర్టిఫికెట్లు చూపించాల్సిన గడువు మొన్నటితో దాటింది, ఉద్యోగం వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఇది నీ మీద ప్రేమతో చేశానని అనుకోవద్దు. ఆ మాటలు ఎదురుగా కూర్చుని వింటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, అందుకే చెయ్యి రాలేదు. నేను కాకపోతే వాళ్ళకు ఇంకొకరు ఈపాటికి దొరికే ఉంటారు. పిల్లలకు వేరే బడి ఇప్పుడే చూసుకో.