రైడర్ కాదు

జూలై 21, సోమవారం
పొద్దుటి నుంచి ముసురు. స్కూల్ గ్రౌండ్ బురద. ప్రాక్టీస్ లేదు. స్టోర్ రూమ్ సర్దాను.

మధ్యాహ్నం దీప ఫోన్. మహిళల కబడ్డీ లీగ్‌లో ఒక టీమ్‌కు కోచ్. మొన్నటి డ్రాఫ్ట్‌లో మా సుకన్యను రైడర్‌గా తీసుకున్నది వాళ్లే. వీడియోలు చూసి తీసుకున్నామని, ఆట నేర్పినదాన్ని కనుక పిల్ల ఎంతవరకు ఎదుగుతుందో నిజం చెప్పమని అడిగింది. మా పిల్లలది మట్టి గ్రౌండ్. లీగ్ ఆడేది మ్యాట్ మీద. అక్కడ చూసి చెబుతానన్నాను.

జూలై 22
దామరచర్ల దగ్గర సుకన్య వాళ్ల తండాకు వెళ్లాను. సుకన్య తల్లి జమ్లీ నాట్ల ముఠాకు పెద్ద. మడిలోంచే మాట్లాడింది. పోతే పోనీ మేడం, నాలుగు దినాలకే వాపస్ తోలితే తండా అంతా నవ్వుతది, గప్పుడు నా బిడ్డ మొఖం ఏడ వెట్టుకోవాలె అంది. టీవీల కనవడ్డంక మనతోని నాట్లేస్తదా దొరసాని అని పక్కవాళ్లు నవ్వారు. సుకన్య తల ఎత్తలేదు. వంగి నాటుకుంటూ వెనక్కి నడుస్తూనే ఉంది.

జూలై 24
కోదాడ. ఒక కాలేజీలో మ్యాట్ ఉంది. సుకన్య కూతకు వెళ్లి ముట్టుకోవడం బాగానే ఉంది. ముట్టుకున్నాక వెనుదిరిగి గీత మీదికి దూకాలి. ఈమె తిరగదు. నడుం వంచి, ఎదుటివాళ్లను చూస్తూ వెనక్కే వస్తుంది. స్కూల్ పిల్లల మీద చెల్లింది. ఇక్కడి అమ్మాయిలు ప్రతిసారీ మడమ పట్టారు. ఏంటండీ మేడం, మీ రైడర్‌కి రివర్స్ గేర్ ఒక్కటేనా అన్నాడు వాళ్ల కోచ్ సాంసన్. తిరుగు, తిరుగు అని గొంతు పోయేలా అరిచాను.

బస్సులో సుకన్య చెప్పింది. కాళ్లు తిరుగుతలేవు మేడం, తిరిగితె నారు తొక్కుతవని చిన్నప్పటి సంది అమ్మ వీపు మీద గొట్టేది అని.

జూలై 25
నిద్ర పట్టలేదు.

జూలై 26
మళ్లీ కోదాడ. ఈసారి డిఫెన్స్‌లో, పట్టేవాళ్ల వరస చివర, కార్నర్‌లో నిలబెట్టాను. రైడర్ మీదికొస్తుంటే వంగి వెనక్కి జరిగింది. అవతలి కాలు ఆగిన చోట చీలమండ పట్టేసింది. మళ్లీ పట్టింది. సాంసన్ నవ్వలేదు.

జూలై 27
దీపకు చెప్పాను. రైడర్ కాదు, ఇకముందూ కాబోదు. మంచి కార్నర్ అవుతుంది, రెండేళ్లు పడుతుంది. దీప కార్నర్లు తమకు ఉన్నారని, వస్తే రానిస్తానని, ఈ సీజన్ ఒక్క మ్యాచ్ కూడా ఆడించకపోవచ్చని అంది.

జూలై 28
తల్లీకూతుళ్లిద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. రైడర్ గాదని మీరే చెప్పిన్రా మేడం అంది సుకన్య. అవును, నేనే చెప్పాను అన్నాను. ఆడనియ్యని ఆటకు గంత దూరం ఎందుకు, గీడ మడి లేదా అంది జమ్లీ. బెంచి మీద కూసుంటనే అమ్మా, కూసోని నేర్సుకుంట, నవ్వెటోళ్లను నవ్వనీ అంది సుకన్య. జమ్లీ కొంగు బిగించి మడిలోకి దిగింది.

ఆగస్టు 3, ఆదివారం
మిర్యాలగూడ స్టేషన్. నాట్ల కైకిలికి ఆలస్యమవుతుందని జమ్లీ రైలు రాకముందే వెళ్లిపోయింది. పొద్దున ఆరూ ఇరవై రైలుకు సుకన్య టీమ్ దగ్గరికి వెళ్లింది.