ఇనుము పక్కన రాగి

రేవులో అందరూ పడవవ్వ అని పిలిచే నేను, డెబ్బై నాలుగేళ్లదాన్ని, చిన్నకొడుకూ చిన్నకోడలితో ఉంటున్నదాన్ని, పెద్దోడికి దీవెనలు చెప్పి రాయిస్తున్నాను. రాస్తున్నది నీ మరదలే. మాటలు మెత్తగా మార్చబోయింది, నేను ఒప్పుకోలేదు.

ఇక్కడ పడవ తప్ప అందరం క్షేమం.

నా మోకాళ్ల సంగతి అడిగావు. రోజూ రేవుదాకా నడిచి నీ తమ్ముడితో పోట్లాడి వస్తున్నాయి, వాటికేం! పడవ పనిలో మరదలు తలదూర్చడమేమిటని కూడా రాశావు. విను మరి.

పడవ అడుగున ఇనుముకి బిగించిన జింకు దిమ్మలు ఏటా అరిగిన సబ్బుబిళ్లల్లా అయిపోతున్నాయని నీ తమ్ముడికి చిరాకు. రాగి అయితే అరగదని, నిరుడు వాటిని పీకేసి రాగి పలకలు బిగించాడు. వాడి తెలివి తెల్లారినట్టే ఉంది!

నీ మరదలు బడిలో కెమిస్ట్రీ చెబుతుంది కదా. ప్రతి లోహానికీ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అని ఒక అంకె ఉంటుందట. జింకుది సున్నాకి దిగువన 0.76, ఇనుముది దిగువన 0.44, రాగిది ఎగువన 0.34. ఉప్పునీళ్లలో రెండు లోహాలు తగులుకుని ఉంటే, దిగువనున్నదే కరిగిపోతూ రెండోదాన్ని కాస్తుంది. పక్కన జింకు ఉంటే జింకు పోతుంది. రాగి ఉంటే ఇనుమే పోతుంది. అక్షరమ్ముక్క రాని నాకే ఎక్కింది, వాడికి ఎక్కదు.

రెండు గ్లాసుల ఉప్పునీళ్లలో రెండు మేకులు వేసి చూపించింది కూడా. జింకు చుట్టిన మేకు మేకులాగే ఉంది. రాగితీగ చుట్టినదాని నీళ్లు వారం తిరక్కుండానే ఎర్రబడ్డాయి.

"గ్లాసులో మేకు వేరు, పడవ వేరమ్మా," అన్నాడు.

"పడవంటే పెద్ద మేకు కాదట్రా?"

"అత్తాకోడళ్లు ఒకటైతే కొంప మునిగినట్టే!"

"మునిగేది కొంప కాదురా, నువ్వు!"

వచ్చే నెల వచ్చి వాడితో ఆ పడవలోనే వేటకెళ్తానన్నావు. నాకున్నది ఇద్దరే కొడుకులు. ఇద్దరూ ఒకే పడవలోనా?

ఇంతవరకూ నీకు చెప్పనిదొకటుంది. ఇంజను తాళంచెవి పోయిందని వాడు రేవంతా దేవుతున్నాడు. అది నా దగ్గరుంది. మీరిద్దరూ కాళ్లావేళ్లా పడినా ఇవ్వను. రాగి ఊడదీసి, రేవు వెల్డరుతో పల్చబడ్డ రేకు మార్పించి, జింకు బిగించాకే ఇస్తాను.

ఈ ముక్క చెబుతుంటే గుమ్మంలో నిలబడి విననే విన్నాడు.

"పడవ గట్టిగానే ఉందమ్మా!" అని అరిచాడు.

"అయితే అడుగున సుత్తితో ఒక్క దెబ్బ వేసి చూపించరా," అన్నాను.



ఇట్లు,
పంతం విడవని మీ అమ్మ
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: చిన్నకోడలు, రేవు వెల్డరు.
చిన్నకొడుకుని కూడా సంతకం పెట్టమన్నాం. పెట్టలేదు. సుత్తి తీసుకుని రేవు వైపు వెళ్లాడు.