పాముపిల్లకు పట్టుదారం

కోడంబాక్కం, మద్రాసు.
ఆదివారం.

అక్కకు, చెల్లెలు రత్నం కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమం. నువ్వు, బావగారు, చంటి అక్కడ సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను. చంటిగాడి చెవిపోటు తగ్గిందా? చీము ఇంకా కారుతుంటే వేడి నూనె పొయ్యకు, డాక్టరుకు చూపించు.

నీ ఉత్తరం అందింది. నా గురించి ఒక్క ముక్క రాసి, పాముపిల్ల గురించి మాత్రం పేజీ నింపావు. నాగన్న తింటున్నాడా, పుండు మానిందా, ఎప్పుడు వదులుతావు అని. తోడబుట్టినదాన్ని, నేను తింటున్నానో లేదో అడగాలనిపించలేదు నీకు. సరే, నేనే చెబుతాను. తింటున్నాను. మెస్సులో సాంబారు, రసం, మళ్ళీ సాంబారు. గోంగూర ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక చిన్న జాడీతో పచ్చడి పంపు. ఎండలు తగ్గాయి గానీ ఉక్క పోలేదు. రేకుల కింద మిషను తొక్కుతుంటే జాకెట్టు వీపుకు అతుక్కుపోతోంది. పనికి మాత్రం లోటు లేదు. ఊళ్ళో జాకెట్లు కుట్టుకునేదాన్ని, ఇక్కడ స్టూడియోలో దేవతల చీరలకు జరీ అంచులు కుడుతున్నాను. ఆ దేవతలు మధ్యాహ్నం బిర్యానీ తిని అంచులకే చేతులు తుడుచుకుంటారు. నాకేం, బాగానే ఉన్నాను.

ఇక పాముపిల్ల సంగతి. చెప్పకపోతే నువ్వు ఊరుకోవుగా. పోయిన ఉత్తరంలో నీకు మంచి ముక్కలే రాశాను, ఇప్పుడు మొదటి నుంచీ రాస్తాను.

మా సినిమా నాగదేవత కథ. దానికి సిమెంటు పుట్ట కట్టాలని స్టూడియో వెనక ఉన్న నిజం పుట్టను తవ్వేశారు. తల్లి పామునూ పిల్లలనూ గడ్డపారలతో కొట్టి చంపారు. ఒక్క పిల్ల మాత్రం నడుం దగ్గర చర్మం లేచిపోయి, పాక్కుంటూ వచ్చి నా గుడ్డపేలికల బుట్టలో దూరింది. షూటింగులకు పాములు తెచ్చే మునుసామి, ఇక్కడి చూలై పేటలో తాతల నాటి నుంచీ ఉన్న తెలుగువాడే, దాన్ని తోక పట్టుకుని ఎత్తి చూశాడు.

"పొద్దుగూకేదాకా ఉండదుమ్మా ఇది. ఆడ పారేసి పో."

నేను పారేయలేదు. అప్పుడతను దాని కోరలు పీకి నా చేతికిచ్చాడు. "మళ్ళా మొలస్తాయి, చెయ్యి బద్రం. పాలు గీలు పొయ్యమాక, సచ్చిపోతాది. కప్పలు పెట్టు" అన్నాడు.

బొత్తాల డబ్బాకు చిల్లులు పెట్టి, పాత వాయిలు చీర ముక్క పరిచి, ఇస్త్రీ బల్ల పక్కన వెచ్చగా ఉంచాను. పుండుకు పసుపు అద్దాను. ఇంకు ఫిల్లరుతో నీళ్ళు చుక్క చుక్కగా పట్టాను. వానకు కాలవ పక్కన చేరిన బుల్లి కప్పలను పట్టి, అవి గిలగిలా కొట్టుకుంటుంటే దాని నోటికి అందించాను. చీమను తొక్కితే అయ్యో అనేదాన్ని, రోజూ ఒక ప్రాణం తీసి ఇంకో ప్రాణానికి పెట్టాను. అది మింగుతుంటే నాకు కడుపు నిండేది. మింగినంతసేపూ నా వేలికి చుట్టుకుని ఉండేది. కుబుసం విడిచాక ఒక పొద్దున పడగ విప్పింది. చంటిగాడి బొటనవేలంత పడగ! ఆ సంతోషంలోనే నీకు ఉత్తరం రాశాను. నువ్వేమో, "అంతా నీ చేతి చలవే. చంటి చెవి బాగుపడాలని మొక్కుకున్నాను, నాగులచవితికి దాన్ని పుట్ట దగ్గర వదిలిపెట్టు, మాట తప్పకు" అని రాశావు.

ఆ పడగను మా సినిమా మేనేజరు కూడా చూశాడక్కా.

ఒక షాటులో ఉయ్యాలలో పసివాడు పడుకుంటే పాముపిల్ల పడగ పట్టి కాపు కాయాలట. మునుసామి దగ్గర ఉన్నవన్నీ పెద్దవి. వాటికి నోళ్ళు కుట్టే తెస్తాడు, ఇక్కడ అది మామూలు. ఇన్నాళ్ళూ చూసి ముఖం తిప్పుకున్నానే గానీ నీకు రాయలేదు. నోరు కుట్టందే నా బిడ్డ పక్కన పెట్టనివ్వనని ఆ పసివాడి తల్లి పట్టుబట్టింది. మునుసామి గోనెసంచులు కుట్టే దబ్బనం తీశాడు. అది దిగితే ఆ తల రెండు చెక్కలే. అతనికీ తెలుసు.

"నా చెయ్యి రొంబ మోటుమ్మా. నువ్వయితే సన్నంగా కుడతావు. నీ చేతికి అలవాటుపడిపోయింది, అల్లాడదు" అన్నాడు.

మేనేజరు వాచీ చూసుకుంటూ, "ఏమ్మా, కుడతావా, గేటు దగ్గరున్న వాళ్ళలో ఎవరినైనా పనిలోకి పిలవమంటావా?" అన్నాడు.

"షాటు అవగానే కుట్టు విప్పేసి వదిలేస్తానండీ" అన్నాను.

"వదులుకో. పసుపు కుంకుమ పెట్టి సాగనంపుకో" అన్నాడు. అందరూ నవ్వారు.

కుట్టాను. అన్నిటికంటే సన్నసూది తీసుకున్నాను. పట్టుదారం, అందులోనూ దాని పెదవి రంగుకు సరిపోయేది వెతికి మరీ తీశాను, చూడు నా బుద్ధి. జాకెట్టు అంచుకు పైకి తెలియకుండా వెయ్యమని నువ్వు నేర్పిన కుట్టే వేశాను. మునుసామి తల అదిమి పట్టుకున్నాడు. సూది దిగగానే అది, కప్ప పెట్టేటప్పుడు చుట్టుకున్నట్టే, నా వేలికి చుట్టుకుంది. కెమెరామెన్ వంగి చూసి, "అబ్బ, కుట్టు తెలియడమే లేదమ్మా" అని మెచ్చుకున్నాడు. ఆ క్షణాన నాకు గర్వంగా అనిపించింది. అదీ నీకు తెలియాలి.

ఆ రోజు షాటు అవలేదు. ఉయ్యాలలో వాడు ఏడుపు ఆపలేదు. రేపు మళ్ళీ తీస్తాం, దారం మీద చెయ్యి వేశావంటే ఊరుకోనన్నాడు మేనేజరు. ఫిల్లరుతో పెదవుల సందున నీళ్ళు పోస్తే బయటికే కారిపోయాయి. మర్నాడు లైట్ల వేడిలో పడగ పట్టమని తోక మీద పుల్లతో కొడుతూనే ఉన్నారు. పట్టింది. పసివాడు నవ్వాడు, అందరూ చప్పట్లు కొట్టారు. కత్తెర పట్టుకుని పరిగెత్తాను. అప్పటికే మెడ వాలిపోయింది. దారం తెంపినా నోరు తెరవలేదు.

అంతటితో అయిపోలేదు. పాముపిల్ల అమ్మవారి పాదాలకు తల ఆన్చి మొక్కే షాటు మిగిలింది. చచ్చినదాని మెడకు సన్నటి నైలాను దారం కట్టి మెల్లగా వంచారు. కట్టింది నేనే. కుట్టు పీకిన చిల్లులు కనబడుతున్నాయంటే కాటుక అద్దిందీ నేనే. బతికున్నప్పటి కంటే బాగా చేసిందని డైరెక్టరు అన్నాడు. "ఇంకోటి తెస్తాలేమ్మా" అన్నాడు మునుసామి, పాపం, ఓదార్చాలని. సిమెంటు పుట్ట వెనకాల పూడ్చిపెట్టాను. నీ మొక్కు అలా తీరింది.

పని మానలేదు. మాని ఎక్కడికి రాను, నీ వంటింట్లోకా? నువ్వు రమ్మంటావు. బావగారు ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడాన్ని నేను భరించలేను. ఇప్పుడు మునుసామి పెద్ద పాములు కూడా నా బల్ల మీదికే వస్తున్నాయి. రత్నమ్మ కుడితే నున్నగా ఉంటుందట. నాకేం, బాగానే ఉన్నాను.

ఈ సినిమా మన ఊరికీ వస్తుంది. హాల్లో కొబ్బరికాయలు కొడతారు, తెరకు హారతులిస్తారు. నీ సంగతి నాకు తెలుసు, చంటిని చంకనెత్తుకుని ముందు వరసలో కూర్చుంటావు. పాముపిల్ల అమ్మవారికి మొక్కుతుంటే నువ్వూ లేచి వాడి చెవి కోసం మొక్కుతావు. మొక్కుకో. కుట్టు కోసం మాత్రం వెతక్కు, నీకు కనబడదు.

బావగారికి నా నమస్కారాలు. పక్కింటి పెద్దమ్మగారిని అడిగానని చెప్పు. చంటిగాడికి ముద్దులు. పెద్దదానివి, నన్ను దీవిస్తూ ఉత్తరం రాయి. చేతి చలవ అన్న మాట మాత్రం అందులో రాయకు.

నీ చెల్లెలు
రత్నం