మెట్ల మొక్కు

పెడన

శ్రీవారికి,

జ్యోతి రాస్తున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. మీ ఎదుట నాకు మాట పెగలదు. నాది ఏడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకోండి. దీన్ని మీ చొక్కా జేబులో పెడుతున్నాను. అద్దకం షెడ్డులో ఒక్కరే ఉన్నప్పుడు చదవండి.

తిరుమల నుంచి వచ్చి వారమైనా నా నడుం నిలవడం లేదు. మీకు డెంగీ వచ్చినప్పుడు, నాచేత మెట్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టిస్తానని అత్తయ్యగారు మొక్కుకున్నారు. మొక్కు ఆవిడది, వంగే నడుం నాది. మీరు బతికారు, అందుకే మారుమాట లేకుండా ఎక్కాను. అలిపిరిలో మొదట సరదాగానే ఉంది. అద్దకంలో అచ్చును పిడికిలితో గుద్దే అలవాటు కొద్దీ, బొట్టు పెట్టిన మెట్టునూ గుద్దాను. "మెట్టే పిల్లా, చీర కాదు! చెయ్యి విరగ్గొట్టుకుంటావ్" అని అత్తయ్యగారు పడీపడీ నవ్వారు. కాసేపటికి ఇద్దరికీ నవ్వు రాలేదు. వంగితే లేవలేను, లేస్తే వంగలేను.

గాలిగోపురం దగ్గర కూలబడ్డాను. అత్తయ్యగారు పక్కనున్న ఉయ్యూరావిడతో, "శ్రావణంలో మనవడి కోసం మా కోడలిచేత మళ్ళీ ఎక్కిస్తానండీ" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. చెమటతో పాటే తుడిచేసుకున్నాను.

మీకు తెలియనిదొకటి చెప్పాలి. మీరు బందరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు మూడో నెల. జ్వరం తగ్గాక చెబుదామనుకున్నాను. మీకు ప్లేట్‌లెట్లు ఎక్కించిన రోజే పోయింది. కింద వార్డులో ఒక నర్సమ్మ చూసింది. సాయంత్రానికి మళ్ళీ మీకు జావ పట్టుకొచ్చాను. మనవడి పేరు చెప్పి ఆ కొండ నేనిక ఎక్కలేను.

మీ
నాగజ్యోతి

తిరుమల

ఏమండీ,

మీరింకా మెట్ల మీదే ఉన్నారు. అత్తయ్యగారూ నేనూ బస్సులో పైకొచ్చి, మెట్లు ముగిసేచోట మీ కోసం చూస్తున్నాం. నా ఉత్తరం చదివి మీరు నాతో ఒక్క మాటా అనలేదు. "శ్రావణంలో నేనెక్కుతా" అని మీ అమ్మగారితో మాత్రం అన్నారు. ఆవిడకు మీరు అంతా చెప్పారని ఇవాళ బస్సులో తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నారు అత్తయ్యగారు.

"అప్పుడు మీరు మీ అబ్బాయి కోసం ఏడుస్తున్నారండీ."

కొండ మీదికి వచ్చేదాకా ఆవిడ కిటికీలోంచే చూశారు.

ఇందాక మీరు ఫోనులో, "నా వల్ల కావట్లేదే" అన్నారు. అత్తయ్యగారు ఫోను లాక్కుని, "పసుపైపోయిందా, ఓపికైపోయిందా? నా కోడలు ఒక్క మెట్టూ వదల్లేదురా!" అన్నారు. నేను ఆవిడ చేతిలోంచి తీసుకుని, "ఇంక వంగకండి, నడిచి వచ్చేయండి" అన్నాను. అత్తయ్యగారి ఎదుట అంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు. ఆవిడ నన్ను తేరిపార చూసి, గట్టు మీద పక్కకు జరిగారు.

"కూర్చోవే. ఎంతసేపని నిలబడతావ్?"

కూర్చుని ఇది రాస్తున్నాను. మెట్లెక్కితే నా బాధ తెలుస్తుందని అనుకున్నారేమో. రాగానే కాళ్ళనొప్పుల సంగతి చెప్పకండి. ఆసుపత్రిలో ఆ రోజు ఏం జరిగిందని నన్నొక్కసారి అడగండి. నోటితోనే చెబుతాను.

ఎదురుచూస్తూ,
జ్యోతి