వెర్ల్ ట్రక్కులోని రాయి

హాంక్స్‌విల్, యూటా

చెల్లీ థోరా,

మేం కులాసా. మీ బావ వెర్ల్ వాలకమే నాకు అంతుబట్టడం లేదు. ఎర్రరాతి లోయలు చూపిస్తానని బయల్దేరదీశాడు గానీ, ట్రక్కు వెనక టార్పాలిన్ మీద నన్ను చెయ్యి వెయ్యనివ్వడు. మళ్లీ తాగుడు మొదలెట్టాడేమో, దాని కింద ఉన్నవి సీసాలే అనుకున్నాను. నిన్న ఆయన పెట్రోలు పోయిస్తుంటే తాడు విప్పేశాను. సమాధి రాయి! దాని మీద చనిపోయిన మొదటి భార్య డెల్ఫియా పేరు.

"ముందే చెబితే వచ్చేదానివా?" అన్నాడు.

"వచ్చేదాన్నే. ఈ దొంగచాటు దేనికి?" అన్నాను.

ఎండిన వాగులో దిగబడ్డ చక్రాలను తవ్వి తీసుకుంటూ, లోయలో ఆమెను పూడ్చిన పాడుబడ్డ ఊరు చేరి, ఇద్దరం కలిసి రాయి నిలబెట్టాం. ఆయన ఏడిస్తే నాకూ ఏడుపొచ్చింది. కానీ ఆమె పేరు పక్కన, రేపు పక్కనే పూడ్చబోయే మొగుడికన్నట్టు, ఇంకో పేరుకి చోటు వదిలేశారు. ఎవరికని అడిగితే, "రాయి కాస్త పెద్దదొచ్చింది" అంటాడు.

మబ్బు పడితే ఆరబెట్టిన ఆప్రికాట్లు లోపలికి తియ్యి. మేక పాలు ఇస్తోందా? మా అత్తగారిని మాటల్లో పెట్టి ఆ చోటు సంగతి కనుక్కో, నేనడిగానని చెప్పకు. రేపు పోయాక నేనెక్కడ పడుకోవాలో నాకూ తెలియాలి కదా.

దేవుడు నిన్నూ పిల్లల్నీ చల్లగా చూడాలి.

మీ అక్క
ఆర్విల్లా