పొద్దున కొట్టిన తేమ

బొబ్బిలి, మంగళవారం రాత్రి

కాళ్లు లాగేస్తున్నాయి. మిల్లులో గంటగంటకీ గోగునార తేమ కొలిచి కంప్యూటర్‌లో అంకె మార్చాలి. నేను మాత్రం పొద్దున కొట్టిన పదహారు శాతాన్నే సాయంత్రం దాకా కొడుతుంటాను.

మధ్యాహ్నం వాన పడింది. వడికే మిషన్ నడిపే అప్పలమ్మ పిడికెడు నార తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఏటి బాబూ, ఇంత సెమ్మగుంటే నీ కంప్యూటర్ పొడి అంటాదేటి? నువ్వే సూడు."

కొలిస్తే ఇరవై నాలుగు. అంకె మార్చగానే, తేమ ఎక్కువని కంప్యూటర్ ఆ సరుకును ఆపేసింది. ఆమె మిషనూ ఆగిపోయింది.

"పోన్లే, ఉన్నదే కొట్టినావు" అని క్యారేజీ పట్టుకుని సగం రోజు కూలితోనే ఇంటికెళ్లిపోయింది.

ఒళ్లు అలిసినా నిద్ర రావడం లేదు. తడి నారతో వడికిన నూలుకు కట్టల్లోనే బూజు పడుతుంది. నిన్నటి నూలంతా పదహారు అంకెతోనే లారీ ఎక్కేసింది.

నిన్న కూడా వానే.