తమ్ముడి తుపాను, చెల్లెలి దుప్పట్లు

అక్టోబరు 14, సోమవారం

సముద్రంలో మళ్ళీ ఒకటి పుట్టింది. నేను కలిపిచ్చిన కాఫీ ముట్టకుండానే తమ్ముడు ఆఫీసుకు పరుగెత్తాడు. వాతావరణ కేంద్రంలో తుపాన్ల డెస్కు వాడిది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కాబట్టి, సముద్రంలో ఏది పుట్టినా నాకు రెండు కాఫీలు.

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. భయపడకక్కా, ఇది నిలబడదు అన్నాడు. కింద గాలి ఒక వైపుకూ, బాగా ఎత్తున ఉన్న గాలి ఇంకో వైపుకూ వీస్తున్నాయట, పైది మహా జోరు మీద ఉందట. షియర్ అంటారు దాన్ని. తుపాను బతకాలంటే కింది నుంచి పైదాకా నిటారుగా నిలబడాలట. కింది అంతస్తు మన వీధిలో, పై అంతస్తు పక్క వీధిలో ఉంటే ఆ ఇల్లు ఎన్నాళ్ళుంటుంది చెప్పు అన్నాడు. అర్థమైంది. అంతటితో ఊరుకోవచ్చు కదా. ఈ సంగతి నీ చెల్లెలి చెవిన వెయ్యి అన్నాడు.

నా చెల్లెలు. వాడికి ఏమీ కానట్టు.

దానికి ఫోన్ చేశాను. నీ తమ్ముడు రాదన్నాడా, అయితే వచ్చేస్తుందక్కా, రాసిపెట్టుకో అంది.

రాసిపెట్టాను.

అదే రోజు, ప్రార్థన తర్వాత

మనసు కుదరలేదు. కళ్ళు మూసుకుంటే ఇద్దరి గొంతులే.

గొడవ పోయినేడాదిది. అప్పుడు తమ్ముడు తుపాను వస్తుందన్నాడు, ఖాళీ చెయ్యమన్నాడు. హార్బరు వీధిలో చెల్లెలిది లాండ్రీ. కింద మెషీన్లు, పైన కాపురం. అన్న మాట విని షట్టరు దించింది. పెద్ద హోటల్ దుప్పట్లను ఉతక్కుండానే వాపసు పంపింది. తీరా చూస్తే పైన గాలి లేచి తుపాను తల ఎగరగొట్టుకుపోయింది. బట్టలారేసుకోవడానికి ఆ మర్నాడు కాసినంత మంచి ఎండ ఆ ఏడాదిలో లేదు. హోటల్ వాళ్ళు ఇంకో లాండ్రీ చూసుకున్నారు.

గాలి పంతులు అని వాడికి పేరు పెట్టింది చెల్లెలే. వీధంతా అందుకుంది. నా లెక్క తప్పలేదు, గాలి మారింది అంటాడు వాడు. గాలి మారితే చెప్పడానికే కదా జీతం అంటుంది అది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మధ్యలో నేను. ఆసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పగలంతా ఒకరి మాట ఇంకొకరికి కలిపి ఇంటికొస్తే ఇక్కడా అదే డ్యూటీ. అక్కడ కనీసం రాంగ్ నంబర్ అని పెట్టెయ్యొచ్చు.

అక్టోబరు 15, మంగళవారం

చెల్లెలు కొత్త హోటల్ దుప్పట్లన్నీ పై అంతస్తుకు ఎక్కించింది. అంటే, మోసింది దాని మొగుడు. మా మరిది తలూపడం తప్ప ఎరగడు. నడుము పట్టేసిందట.

అక్టోబరు 16, బుధవారం, ఉదయం

తమ్ముడు ఫోన్‌లో సాటిలైట్ బొమ్మ చూపించాడు. సుడి ఒక్కటే బోసిగా తిరుగుతోంది. మేఘమంతా ఒక పక్కకు కొట్టుకుపోయింది. టోపీ ఎగిరిపోయిన బట్టతలలా ఉందిరా అన్నాను. వాడు తల తడుముకున్నాడు.

సాయంత్రం

టోపీ తిరిగొచ్చింది.

పైన గాలి సడలిపోయిందట. అడ్డంగా తోసేది పోయి, ఇప్పుడు నాలుగు వైపులకూ పరుచుకుంటోందట. అది ఇంకా ప్రమాదమట. పొయ్యి మీద చిమ్నీ లాగినట్టు కింది నుంచి వేడినీ తేమనూ లాగేస్తుందట. కింది సముద్రం ఎలాగూ కాగి ఉంది. ఇక దాన్ని ఆపేది ఏదీ లేదు, శుక్రవారానికి నీళ్ళు హార్బరు వీధిలో ఉంటాయి, వాళ్ళను బయటికి తీసుకురా అన్నాడు. చెబుతూనే మూడు గ్లాసుల నీళ్ళు తాగాడు.

నువ్వే చెయ్యరా ఫోను అన్నాను. నేను చేస్తే ఎత్తదు అన్నాడు. నిజమే.

చెల్లెలికి చెప్పాను. వస్తుందన్నాడా, అమ్మయ్య, బతికాం అంది. ఫోన్ పెట్టకుండానే మరిదికి కేక వేసింది. ఏమండీ, దుప్పట్లు కిందికి దించండి అని.

పాపం ఆయన నడుము.

అక్టోబరు 17, గురువారం, ఉదయం

హార్బరు వీధిలో మైకు కారు తిరుగుతోంది. నీ తమ్ముడు రాసిందే వాళ్ళు చదువుతున్నారు, గొంతు పెంచితే నిజమైపోతుందా అంది చెల్లెలు.

ఓర్పు ఇమ్మని దేవుణ్ణి అడిగితే ఇస్తున్నాడు. ఓర్చుకోవాల్సిన వాళ్ళనూ ఆయనే ఇస్తున్నాడు.

అదే రోజు, సాయంత్రం

సెలవు పెట్టి నేనే వెళ్ళాను. ఎండ కాస్తోంది. సముద్రం నూనె పోసినట్టు ఉంది. పెరట్లో తీగల నిండా తెల్ల దుప్పట్లు. చెల్లెలు ఇస్త్రీ పెట్టె ఆపకుండానే రా అక్కా, కూర్చో అంది. రమ్మంటే రానంది. ఈ కాంట్రాక్ట్ కూడా పోతే నేనూ ఆయనా ఆ తీగల మీదే ఆరాలి అంది. బతికుంటే ఇంకో హోటల్ దొరుకుతుంది అన్నాను. మరిది తలూపాడు. గాలి పంతులు మాట మీద రెండోసారి షట్టరు దించితే నన్ను చూసి కుక్కలు కూడా నవ్వుతాయి అంది. మరిది దానికీ తలూపాడు.

ఇంతలో ఎదురు సెలూన్ మంగలి గుమ్మంలోకి వచ్చాడు. ఏంటమ్మా, మీరొచ్చారు అన్నాడు. మీరూ సర్దుకోండి అన్నాను. నవ్వాడు. ఆయనగారి సొంత చెల్లెలే కదలడం లేదు, మాకేం తొందర, ఈవిడ షట్టరు పడ్డాక మేమూ చూస్తాం అన్నాడు. వీధిలోకి తొంగి చూశాను. అన్ని కొట్లూ తెరిచే ఉన్నాయి. గట్టు మీద పిల్లలు ఆడుతున్నారు. అప్పటిదాకా నా భయం ఒక్క ఇంటి గురించే.

ఫోన్ మోగింది. తమ్ముడు. అక్కా, షియర్ మొత్తం పోయింది, ఇది పెరగడం ఆగదు, కాళ్ళు పట్టుకో, ఈడ్చుకు రా, ఏమైనా చెయ్యి అన్నాడు. చివరి మాటకు ఏడ్చేశాడు. చిన్నప్పుడు కూడా వాడు నా ముందు అలా ఏడవలేదు.

ఫోన్ పెట్టేశాను. ఏమంటున్నాడు నీ తమ్ముడు అంది చెల్లెలు.

రాదట అన్నాను. పైన గాలి మళ్ళీ లేచిందట. పోయినేడాదిలాగే తల తెగిపోతుందట. బులెటిన్ మార్చేస్తున్నాడట.

తడబడకుండా చెప్పాను. షియర్ గురించి వాడు నేర్పిన మాటలన్నీ వరసగా వచ్చాయి.

చెల్లెలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది. కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. ఏమండీ, వ్యాన్ తియ్యండి అంది.

తర్వాత వీధిలోకి వెళ్ళి నడుం మీద చెయ్యి పెట్టుకుని అరిచింది. గాలి పంతులు రాదని చెప్పేశాడహో, ప్రాణాల మీద తీపి ఉన్నవాళ్ళు పరుగెత్తండి అని. అందరూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే షట్టర్లు దించారు. మంగలి అద్దం ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు. మైకు కారు వల్ల కానిది దానివల్ల అయింది.

దుప్పట్లతో సహా వచ్చేశాం. గట్టు మీద పిల్లలు ఎవరి ఇళ్ళవాళ్ళతో వాళ్ళు వెళ్ళేదాకా వ్యాన్ కదలనివ్వలేదు నేను.

అబద్ధం నోటికి ఇంత సులువుగా వస్తుందనుకోలేదు. అబద్ధం కంటే అదే భయంగా ఉంది.

అక్టోబరు 18, శుక్రవారం

వచ్చింది.

అక్టోబరు 19, శనివారం

హార్బరు వీధి ఉంది, వీధిలో ఉండాల్సినవి లేవు. లాండ్రీ కింది అంతస్తు కప్పు దాకా ఇసుక. పైన కాపురమున్న గదులకు గోడలు మాత్రం మిగిలాయట. మరిది చూసొచ్చి చెప్పాడు. వీధివాళ్ళంతా బడిలో క్షేమంగా ఉన్నారు. మంగలి అక్కడే గడ్డాలు గీస్తున్నాడట.

మా ఇంట్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. కుర్చీల మీద దుప్పట్లు, మంచం కింద దుప్పట్లు. ఎలాగూ తడిశాయని నిన్న కిటికీ సందుల్లో కూడా అవే కుక్కాం. చెల్లెలు ఏడవలేదు. మెషీన్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకుంది, పిల్లల పేర్లు చెప్పుకున్నట్టు.

తమ్ముడు ఇంకా ఆఫీసులోనే.

అక్టోబరు 20, ఆదివారం

వచ్చాడు. గడ్డం మాసి, చొక్కా మాసి గుమ్మంలో నిలబడ్డాడు. చెల్లెల్ని చూసి ముఖం వెలిగింది. అది లేచి వెళ్ళి వాడి ఎదుట నిలబడింది. ఏడాది తర్వాత నేరుగా వాడితోనే మాట్లాడింది. సిగ్గులేదా నీకు, రాదన్నావే, నీ మాట నమ్మి ఉంటే ఈపాటికి మమ్మల్ని ఇసుకలో వెతుక్కునేవాడివి అంది.

నేనా అన్నాడు వాడు. నేను రాదన్నానా, గురువారం మధ్యాహ్నం ఫోన్లో ఏడ్చి చెప్పాను, ఈడ్చుకు రమ్మన్నాను, కావాలంటే అక్కనడుగు అన్నాడు.

అక్కనే అడుగుతాను అంది.

నేను దుప్పటి మడత పెడుతున్నాను. చెప్పేశాను. అంతసేపూ మరిది తలూపలేదు.

తమ్ముడు కుర్చీ మీది దుప్పట్లు కూడా తియ్యకుండా వాటి మీదే కూలబడ్డాడు. పోయినేడాది తప్పినప్పుడు ఊరు ఊరంతా నవ్వినా పడ్డానక్కా, ఈసారి గీత గీసినట్టు చెప్పాను, రోజూ చెప్పాను, దాన్నే నువ్వు తిరగేసి చెప్పావు, ఇక హార్బరు వీధిలో ఎవరినడిగినా గాలి పంతులు రాదన్నాడనే అంటారు అన్నాడు. అదీ నువ్వు అన్నాడు.

ప్రాణాలు దక్కాయి కదరా అన్నాను. దక్కాయి అన్నాడు. నా ముఖం చూడలేదు.

చెల్లెలి కోపం వేరు. నన్ను మేకను తోలినట్టు తోలావా, ఎటు అదిలిస్తే ఎటు పోతానో నీకు ముందే తెలుసన్నమాట అంది. నిజం చెప్పి ఇంకొక్కసారి అడిగి ఉంటే వచ్చేదాన్ని అంది.

రావు అన్నాను.

వచ్చేదాన్ని.

రావు.

మరిది ఎవరికి తలూపాలో తెలియక బయటికి వెళ్ళాడు.

అక్టోబరు 21, సోమవారం

బడికి వెళ్ళి వీధివాళ్ళను కూర్చోబెట్టి చెప్పాను. తమ్ముడు వస్తుందనే చెప్పాడు, రాదన్న మాట నాది అని. అందరూ శ్రద్ధగా విన్నారు. మంగలి నా భుజం తట్టినంత పని చేశాడు. తమ్ముడి మీద ఎంత ప్రేమమ్మా మీకు, నింద మీ నెత్తిన వేసుకుంటున్నారు, పోనీలెండి, ఆయన రాదనబట్టే కదా మేం బతికాం అన్నాడు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తల పంకించాడు. గొంతు నొప్పి పుట్టింది. ఇన్నేళ్ళూ నిజమే చెప్పుకొచ్చిన మనిషి ఒక్క అబద్ధం చెబితే, ఊరు నమ్మింది ఆ ఒక్కటేనా!

అక్టోబరు 22, మంగళవారం

ఇద్దరూ నాతో మాట్లాడటం లేదు. వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. అక్క ఎప్పుడూ ఇంతే అంటోంది అది. నీకిప్పుడు తెలిసిందా అంటున్నాడు వాడు. నేను అటు వెళ్తే ఆపేస్తున్నారు.

నా అలికిడి వినపడకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చాను.